షిరనాగి మోకాలు

పెంకుల ఫ్యాక్టరీ యజమాని కుసుమోతో పొద్దున్నే తాలింఖానాకు వచ్చాడు. బరి పక్కన చెక్క అరుగు మీద మెత్త వేయించుకుని, టీ తెప్పించుకుని, షిరనాగి పట్టిన సుమో కుస్తీల గురించి షిరనాగికే చెప్పడం మొదలుపెట్టాడు.

"నువ్వు మొట్టమొదటిసారి యొకొజునని పడగొట్టావే, ఆ రోజు నేను మూడో వరసలో ఉన్నానయ్యా. నీ చెమట వచ్చి నా కళ్లద్దాల మీద పడింది."

చెమట మూడో వరస దాకా ఎగరదు. పైగా ఆ రోజు కుసుమోతో అసలు హాల్లోనే లేడు. అప్పట్లో అతను వేరే తాలింఖానా మల్లుడి వెనకాల తిరుగుతుండేవాడు. షిరనాగి "అవునండీ" అన్నాడు. ఇలాంటి మనుషులకు అవునండీ అనడం కూడా వృత్తిలో భాగమే. బరిలో తిన్న దెబ్బలకన్నా అదే అతన్ని ఎక్కువ అరగదీసింది.

"కుడిచేత్తో విసిరావు వాణ్ణి."

"ఎడమచేత్తోనండీ, చైర్మన్ గారూ."

"కుడే. నాకు బాగా గుర్తు."

"అయితే కుడేనేమో లెండి."

అభిమాన సంఘానికి కుసుమోతో చైర్మన్. మల్లులకు సిల్కు తెరలు, బియ్యం బస్తాలు పంపుతాడు కాబట్టి సుమో తనకు తెలుసనుకుంటాడు. కొండంత విదేశీ మల్లుణ్ణి షిరనాగి నడికట్టు పట్టి ఎత్తి బరి బయట దింపిన కుస్తీని వర్ణించాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి కదలకుండా నిలబడిపోతే, తీర్పరి ఆపి నీళ్లు తాగించి మళ్లీ అదే పట్టులో నిలబెట్టిన కుస్తీని వర్ణించాడు. ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి తలకిందులు చేశాడు. షిరనాగి కింద బరిలో ఒకర్నొకరు తోసుకుంటున్న కుర్రాళ్లను చూస్తూ కూర్చున్నాడు. కుడికాలు ముందుకు చాపుకుని ఉన్నాడు. ఒజెకి వరకూ ఎదిగినవాడు, ఇంకొక్క మెట్టెక్కితే అన్నిటికన్నా పైదైన యొకొజునే, అంతటివాడు గురువు ముందు కాలు చాపుకున్నా చెల్లుతుందని కొత్తవాళ్లు అనుకునేవారు. అసలు ఆ కాలు వంగదు. ఆ సంగతి పైకి అనడం అతనికి సుతరామూ ఇష్టం లేదు.

బరిలో నుంచి తొకిహమ వచ్చి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఈ తాలింఖానాలో ఇప్పుడు ఆశ పెట్టుకోదగ్గవాడు వాడొక్కడే. ఇంకొక్క టోర్నీలో బాగా ఆడితే జీతం వచ్చే మెట్టెక్కుతాడు. ఎడమ మోకాలికి కట్టు కట్టుకున్నాడు.

"ఏరా, గోడ పడిపోతుందని పట్టుకున్నావా?" అన్నాడు షిరనాగి.

అందరూ నవ్వారు. తొకిహమ గోడ వదిలేశాడు. "మోకాలు కొంచెం పట్టేసిందన్నా."

"మోకాలనేది సాకురా. ఓడేవాడు ముందే దాచుకునే సాకు. నేను ఒసాకాలో ఏ మోకాలితో గెలిచానో తెలుసా? చైర్మన్ గారినడుగు, నాకన్నా ఆయనే బాగా చెబుతారు."

కుసుమోతో అదే అదనుగా అందుకున్నాడు. ఆ కుస్తీ అందరికీ కంఠతా వచ్చు. మోకాలు దెబ్బతిన్న షిరనాగి ఆఖరి రోజు బరెక్కాడు. ఎదురుగా మినెహయ. వాడు ఢీకొట్టకుండా పక్కకు గెంతాడు. షిరనాగి గాలిని గుద్ది మట్టిలో పడ్డాడు. జనం కోపంతో విసిరిన మెత్తలన్నీ మినెహయ మీదికి వచ్చి పడ్డాయి. దాంతో షిరనాగి, యొకొజున ఇద్దరి గెలుపులూ సమానమయ్యాయి. కాసేపటికి తేల్చుకోవడానికి మళ్లీ బరెక్కి, అదే మోకాలితో యొకొజునని బయటికి నెట్టి షిరనాగి టోర్నీ గెలుచుకున్నాడు. దేశమంతా ఏడ్చింది. మర్నాడు పేపరువాళ్లు అడిగితే మినెహయ గురించి షిరనాగి ఒక్క మాటే అన్నాడు: "మనిషి కాదు, తూనీగ." ఆ పేరు మినెహయకు పచ్చబొట్టులా అంటుకుపోయింది.

"ఆ తూనీగని ఆదివారానికి పిలిపించాలి," అన్నాడు కుసుమోతో, పక్కనే ఉన్న ఇవబుచి గురువు వైపు తిరిగి. "షిరనాగి రిటైర్మెంటుకి, సిగ కత్తిరించే ఉత్సవానికి. వాడు బరెక్కి మన షిరనాగి జుట్టు కత్తిరిస్తుంటే హాలు చూడాలి."

గురువు నవ్వాడు. అతనికి నవ్వడానికి పెదవులు చాలు, కళ్లతో పనిలేదు. "నాగీ, నువ్వే వెళ్లి పిలువు. మర్యాదగా ఉంటుంది. ఇంకోటి, సిగ తియ్యడానికి ముందు నీ ఆఖరి కుస్తీ తొకిహమతో. బొమ్మ కుస్తీ కాదు. పూర్తి బలంతో ఒక్క ఢీ. చైర్మన్ గారి కోరిక."

"అలాగే," అన్నాడు షిరనాగి. గోడ దగ్గరున్న కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. "అప్పటికైనా ఆ గుడ్డపీలిక తీసెయ్. చూడలేకపోతున్నా."

మినెహయ తోఫు దుకాణం నది అవతల ఒక వీధి చివర ఉంది. అత్తవారి దుకాణం. షిరనాగి టాక్సీ దిగేసరికి మినెహయ రబ్బరు బూట్లలో, మోచేతుల దాకా చేతులు చల్లనీళ్ల తొట్టిలో పెట్టి నిలబడి ఉన్నాడు. నడుముకు కట్టుకున్న ఏప్రన్ ముడి అందక వెనకాల తాడు జోడించుకున్నాడు. బరిలో ఉన్నప్పుడే వీడికి ఎత్తు లేదు, ఇప్పుడు వెడల్పు కూడా వదులైపోయింది అనుకున్నాడు షిరనాగి. చూడగానే పాత ఏవగింపు మేలుకుంది. అది అతనికి ఇష్టమైన భావమే.

"రండి ఒజెకి గారూ. కూర్చోమందామంటే ఆ స్టూలు మీ బరువాపదు."

"నిలబడే మాట్లాడతాను."

"అదే మంచిది. కూర్చుంటే లేవలేరుగా."

షిరనాగి ఆ మాట విననట్టే ఆదివారం ఉత్సవం సంగతి చెప్పాడు. మినెహయ నీళ్లలోంచి తోఫు దిమ్మను అరచేతి మీద తేల్చి పైకి తీశాడు. అరచేతిలోనే వెడల్పాటి కత్తితో కోశాడు. కత్తి చర్మం దాకా వచ్చి ఆగిపోతోంది.

"మీరొచ్చారా, మీ గురువు పంపాడా?"

"గురువుగారే."

"ఎందుకు పిలుస్తున్నారంటారు?"

"జనం నవ్వుకోవడానికి," అన్నాడు షిరనాగి. వీడి దగ్గర నాజూకు దేనికి అనిపించింది.

అప్పుడే ఒక ముసలామె గిన్నె పట్టుకుని వచ్చింది. "తూనీగ గారూ, మెత్తటిది రెండు ముక్కలివ్వండి. నిన్నటిది చాలా బాగుంది." మినెహయ రెండు ముక్కలు గిన్నెలోకి జార్చాడు. అది తిట్టని ఆమెకు తెలియదు. దుకాణం పేరే అదనుకుంటోంది. పక్కన నిలబడ్డ పెద్దమనిషికి వంగి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

షిరనాగికి ఎందుకో చికాకు వేసింది. "ఒక్కటడుగుతాను. అలా గెంతినందుకు నీకు ఎప్పుడైనా సిగ్గనిపించిందా?"

మినెహయ కత్తి కడిగి పక్కన పెట్టాడు.

"చేతులు మట్టికి ఆనించి ఎదురెదురుగా వంగాం చూడు. అప్పుడు నీ కుడికాలి బొటనవేలు నేలను పట్టలేదు. పైకి లేచి ఉంది. ఎవడికైనా వంగగానే బొటనవేలు మట్టిలో గుచ్చుకుంటుంది, అది మనం చెప్పి చేసే పని కాదు. నీ కాలికి మందెక్కించారని అర్థమైంది. ఆ కాలు నీది కాదప్పుడు. నా తొలి దెబ్బ ఎట్టా ఉండేదో నీకు తెలుసుగా. నేను వచ్చి తగిలితే అది ఎటు విరిగేదో దేవుడికే తెలియాలి."

"అంటే నా మీద జాలి పడ్డావన్నమాట."

"జాలా? నువ్వంటే నాకు ఎన్నడూ పడలేదయ్యా. ఒళ్లంతా పొగరు. నాకు అసహ్యం వేసింది మీ గురువు మీద. కసాయి పని చెయ్యాలంటే తన చేత్తో చేసుకోవాలి గాని, నా చేత్తో చేయించుకోవడమేంటి? అంతే. అదీ పెద్దగా ఆలోచించింది లేదు. కాళ్లే పక్కకు పోయినయ్."

తొట్టిలోకి గొట్టం నుంచి నీళ్లు పడుతున్నాయి.

"నువ్వు ఓడిపోయావు గదా, పట్టుకెళ్లి ఆస్పత్రిలో పడుకోబెడతారనుకున్నా," అన్నాడు మినెహయ. "ఇద్దరూ సమానమై మళ్లీ కుస్తీ పెడతారని నా మట్టిబుర్రకి తట్టలేదు. నేను స్నానం చేస్తుంటే జనం కేకలు వినపడ్డయ్. బయటికొచ్చేసరికి నువ్వు గెలిచావు, కాలు పోగొట్టుకున్నావు. కాబట్టి నేను ఉద్ధరించిందేమీ లేదు."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమనేవాడివి? సాకు అనేవాడివి."

అతను రెండు ముక్కలు పొట్లం కట్టి షిరనాగి చేతిలో పెట్టాడు. "వస్తాలే ఆదివారం. మధ్యాహ్నం పైన బేరాలుండవు."

టాక్సీలో ఆ పొట్లం నీరు కారి షిరనాగి కిమోనో ఒడి తడిసిపోయింది. అతను దాన్ని పక్కన పెట్టలేదు. అబద్ధం చెబుతున్నాడు అనుకున్నాడు. నది దాటేటప్పుడు కూడా అలాగే అనుకున్నాడు. కాని ఆ రోజు వంగినప్పుడు కుడికాలి కింద మట్టి చల్లగా ఉందో వెచ్చగా ఉందో తనకు తెలియలేదన్న సంగతి, ఇన్నేళ్ల తర్వాత, అప్పుడే గుర్తొచ్చింది. తెలిసింది ఎడమకాలికి మాత్రమే.

మర్నాడు పొద్దున తొకిహమ కట్టు లేకుండా బరిలోకి వచ్చాడు. అన్న చూడలేనన్నాడు కదా. మోకాలు వాచి, చిప్ప ఎక్కడుందో తెలియకుండా నున్నగా ఉంది. కాళ్లు ఎత్తి తొక్కాడు, స్తంభాన్ని అరచేతులతో కొట్టాడు, ఎక్కడా ఆగలేదు. ముఖం నల్లబడింది. తర్వాత ఢీకి వంగాడు. షిరనాగి కళ్లు వాటంతటవే కిందికి పోయాయి. ఎడమ బొటనవేలు మట్టిని అంటకుండా గాలిలో ఉంది.

ఆ కాలితోనే తొకిహమ ముగ్గుర్ని వరసగా తోసేశాడు. చివరివాణ్ణి తోసి, పడకుండా ఒంటికాలి మీద నిలబడి, అరుగు వైపు చూశాడు. మెచ్చుకోలు కోసం. షిరనాగి తల తిప్పుకున్నాడు.

మల్లులంతా తినే చంకో పులుసు కుండ దగ్గర ముందు గురువు తినాలి, తర్వాతే మిగతావాళ్లు. ఇవబుచి చేప ముక్కలు ఏరుకుంటుండగా షిరనాగి వెళ్లి పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు.

"తొకిహమ కాలికి సూది వేయించారా?"

"నీళ్లు తీయించి మందెక్కించాం. టోర్నీ దగ్గరకొచ్చింది. ఏం?"

"ఆదివారం కుస్తీ వద్దండి. టోర్నీ కూడా మానిపించండి."

గురువు చాప్‌స్టిక్స్ ఆగాయి. "మానితే ఎన్ని మెట్లు కిందికి పడతాడో తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు."

"నిన్న వాణ్ణి వెక్కిరించింది ఎవరు? నేనా?" గురువు చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. "నీకు జుట్టు కత్తిరించకముందే బుర్ర కత్తిరించినట్టున్నారు. ఆ సూదే నిన్ను మనిషిని చేసింది. ఆ ఒక్క కుస్తీ లేకపోతే నువ్వు పేపర్లో మూడు లైన్లు. అసలు ఆ రోజు నువ్వు ఏడ్చి నా కాళ్లు పట్టుకున్నావు, బరెక్కించమని. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. పట్టుకున్నాను. మీరు వద్దనాల్సింది."

ఇవబుచి అతన్ని పాడైపోయిన సరుకుని చూసినట్టు చూశాడు. తర్వాత చేపను సాసులో ముంచుకుని నోట్లో పెట్టుకున్నాడు. "చైర్మన్ గారికి మాటిచ్చాను," అన్నాడు నములుతూ. మాట అయిపోయిందని దానర్థం.

ఆదివారం హాలు నిండిపోయింది. కుసుమోతో నల్ల కిమోనోలో పెళ్లికొడుకు తండ్రిలా తిరుగుతున్నాడు. జీవితంలో ఎప్పుడూ సుమో చూడని ఫ్యాక్టరీ మేనేజర్లు, వాళ్ల భార్యలు, ఎవరో టీవీ గాయని, అందరూ బంగారు రంగు కత్తెరతో సిగలో తలా ఒక పోగు కత్తిరిస్తూ ఫొటో దిగడానికి వచ్చారు. లోపల గదిలో మంగలి షిరనాగి జుట్టుకు ఆఖరిసారి నూనె రాసి దువ్వి సిగ కట్టాడు. షిరనాగి నడికట్టు కట్టించుకుని తొకిహమను పిలిపించాడు.

"నీకు ఒంట్లో బాగాలేదని చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

"నాకు బాగానే ఉందన్నా."

"చూశాను ఎంత బాగుందో. ఆ మోకాలితో ఢీకొడితే నాలాగే అవుతావు."

"మీలాగే అవ్వాలనే కదా ఇక్కడికొచ్చింది." వాడి గొంతులో వెటకారమేం లేదు మొదట. తర్వాత వచ్చింది. "మోకాలనేది సాకని మీరే అన్నారు. అందరి ముందూ అన్నారు."

"అన్నాను. తప్పు మాట అన్నాను."

తొకిహమ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. అలా చూడటం కూడా షిరనాగి దగ్గర నేర్చుకున్నదే. "చైర్మన్ గారి ముందు నేను మిమ్మల్ని పడేస్తానని భయమా అన్నా? ఉంటే ఉందని చెప్పండి, మెల్లగా తోస్తాను."

గదిలో ఉన్న మల్లులు నేల చూపులు చూశారు. షిరనాగి చెయ్యెత్తబోయాడు. ఎత్తలేదు. వీడితో వాదించి లాభం లేదు. ఈ వయసులో తను మాత్రం ఎవరు చెబితే విన్నాడు గనక. బయట పేర్లు చదివే అతను మైకు సరిచేసుకుంటుంటే షిరనాగి తలుపు దాకా నడిచి వెళ్లాడు.

"ఆఖరి కుస్తీ లేదని చెప్పు."

"లేదా? ఎందుకని చెప్పమంటారు?"

"షిరనాగికి మోకాలు బాగాలేదు, ఆడలేడని చెప్పు. అదే మాట చెప్పు, మార్చకు."

అతను గురువు కోసం అటూ ఇటూ చూశాడు. ఇవబుచి ముందు వరసలో అతిథుల మధ్య ఉన్నాడు. ఒజెకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేసేది లేక మైకులో చెప్పాడు.

హాల్లో గొణుగుడు లేచింది. "మోకాలా? షిరనాగికా?" అన్నారెవరో. "ఒసాకాలో ఆడింది ఈయనేనా?" అని ఇంకో గొంతు. పై వరసల్లో ఎవరో నవ్వారు, ఆ నవ్వు మెట్లు దిగుతూ కిందికి వచ్చింది. షిరనాగి నడికట్టు విప్పేసి, పండగ దుస్తులు వేసుకుని బరెక్కాడు. గొప్ప కోసం దాచుకున్న కుంటితనాన్ని ఇక దాచలేదు. కుంటుతూనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కుసుమోతో అందరికన్నా ముందు వచ్చి కత్తెర పెట్టాడు. "ఇంత అవమానం చేస్తావనుకోలేదు," అన్నాడు చెవి దగ్గర. మొన్నటిదాకా వర్ణించిన కుస్తీలన్నీ ఒక్క దెబ్బతో మర్చిపోయినట్టుంది అతని ముఖం. షిరనాగికి ఆశ్చర్యంగా హాయిగా ఉంది. ఈసారి అవునండీ అనాల్సిన పని లేదు.

ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కో కత్తెర శబ్దం, ఒక్కో వంగడం. మినెహయ పేరు చదవగానే హాలంతా గొల్లుమంది. అతను అద్దెకు తెచ్చుకున్న కోటులో, బిగుసుకున్న భుజాలతో, ఏ తొందరా లేకుండా మెట్లెక్కాడు. వెనక్కి వచ్చి నిలబడ్డాడు. చేతుల నుంచి సోయా వాసన వస్తోంది.

"ఇయ్యాళ ఎవరి మోకాలు?" అని మెల్లగా అడిగాడు.

"కుర్రాడిది."

"వాడికి తెలుసా?"

"తిడుతున్నాడు."

"తిట్టనీ," అన్నాడు మినెహయ, ఒక్క పోగు కత్తిరించి దిగి వెళ్లిపోయాడు.

చివరి కోత గురువుది. ఇవబుచి సిగను పిడికిట పట్టి అవసరమైన దానికన్నా గట్టిగా గుంజి కోసేశాడు. తల ఒక్కసారిగా తేలికై ముందుకు తూలింది. అందరికీ ఏడుపు రావలసిన సమయం అది. ముందు వరసలో గాయని ఒక్కతే ఏడ్చింది. ఆమెకు జరిగింది ఏమీ తెలియదు.

సోమవారం పొద్దున షిరనాగి తాలింఖానా ముందు టాక్సీ ఆపించి నిలబడ్డాడు. పొట్టి జుట్టు, కొత్త సూటు, అలవాటులేని బూట్లు. ముందు సాయంత్రమే గురువుగారి భార్యతో మాట్లాడాడు. కుర్రాళ్ల ఒళ్లు చూసుకునేది ఆవిడే. ఆవిడ అంతా విని, "మీ గురువుగారితో నేను పడతాలే, డాక్టరు దగ్గరికి మాత్రం నువ్వు తీసుకెళ్లు" అంది. లోపల మల్లులు కాళ్లు తొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. నిన్నటిదాకా అతను గుమ్మంలో కనిపిస్తే ఆ చప్పుడు ఆగి నమస్కారాలు వచ్చేవి. వాకిలి ఊడుస్తున్న కుర్రాడు చూసి కూడా చూడనట్టు చీపురు అటు తిప్పుకుని వెళ్లాడు.

చాలాసేపటికి తొకిహమ వచ్చాడు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు. వాపు మోకాలి నుంచి పిక్క దాకా పాకింది.

"అమ్మగారు పొమ్మన్నారు, అందుకొచ్చా. మీ కోసం కాదు."

"సరే."

"ఈ టోర్నీ పోతే మళ్లీ ఈ మెట్టుకి రావడానికి ఎంతకాలమో. మీదేం పోయింది? మీరు అంతా చూసేశారు."

"అవును," అన్నాడు షిరనాగి.

"డాక్టరు ఏం లేదంటే అందరికీ చెబుతా. మీరు పిరికివాళ్లని చెబుతా."

"చెప్పు."

ఇంకా తిట్టాలని ఉంది వాడికి. అవతల మనిషి ఎదురు తిరగకపోతే తిట్టు ఎక్కడ పెట్టాలో తోచలేదు. టాక్సీ వెనక తలుపు తీసి కూర్చున్నాడు. ఒళ్లు లోపలికి పోయింది, ఎడమకాలు బయటే ఉండిపోయింది. రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని, పళ్లు బిగించి, దాన్ని ఎత్తి లోపల పెట్టుకున్నాడు. ముఖం మీద చెమట పట్టింది.

ఆ చెమట తుడుచుకుంటూ పక్కకు చూశాడు. అవతలి తలుపు దగ్గర షిరనాగి కూర్చుని, సూటు నలుగుతుంటే, రెండు చేతులతో తన కుడికాలు ఎత్తుకుని లోపలికి తెచ్చుకుంటున్నాడు. ఏ తొందరా లేదు. రోజూ చేసే పనే. కాలు సర్దుకుని తలుపు వేసుకున్నాడు.

డ్రైవరు అద్దంలో ఇద్దర్నీ చూసి, ముందు సీటు కొంచెం ముందుకు జరిపాడు. ఆ తర్వాత ఆస్పత్రి చేరేదాకా తొకిహమ మళ్లీ తిట్టలేదు.